వెనక వచ్చేవాళ్ళను లెక్కపెట్టేదెవరు?

(ఏప్రిల్ 14 సామూహిక నడక, పరుగు కోసం పోచారంలో జరిగిన వాలంటీర్ల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం.)

జై భీమ్.

నన్ను మాట్లాడమన్నది నడక గొప్పతనం గురించి. బాబాసాహెబ్ గురించి నాలుగు మాటలు, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పి కూచుంటడని మీరు అనుకొని ఉంటరు. ఈసారి అట్ల మాట్లాడలేను. పోయినేడు జరిగిన సంగతి ముందుగాల చెప్పకుండ, ఈ ఏడు మళ్ళ జెండా పట్టుకొని ముందు నిలబడే మొఖం నాకు లేదు.

పోయినేడు ఏప్రిల్ 13 రాత్రి మనం ఈ పోచారం నుంచే బయలుదేరినం. అన్నోజిగూడ, జోడిమెట్ల, నారపల్లి, మేడిపల్లి, ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగ టాంక్‌బండ్ అంబేడ్కర్ విగ్రహం దాకా. ఇరవై కిలోమీటర్లు దాటిన తొవ్వ. పేర్లు రాసుకున్నది నూట పద్నాలుగు మంది. డప్పు మోగుతున్నది, పిల్లలు నినాదాలు ఇస్తున్నరు, నేను ముందు వరుసల జెండాతో ఉన్న. రాత్రి రెండు గంటలకు ఉప్పల్ రింగు రోడ్డు కాడ చాయ తాగినం. ఫోటో దిగినం. అక్కడ తలకాయలు లెక్కపెట్టలేదు. లెక్కల సారును నేనే, లెక్క పెట్టనిది నేనే.

మా వాడ పెద్దవ్వ ఒకామె, మనుమరాలి చెయ్యి పట్టుకొని నడుస్తున్నామె, అప్పటికే వెనక మేడిపల్లి దగ్గర కూలబడ్డది. 2018ల మొదలుపెట్టిన ఉప్పల్, నారపల్లి ఫ్లైఓవర్ పని ఏండ్ల తరబడి సాగి ఆ రోడ్డు ఎట్ల గుంతలు పడ్డదో మీకు తెలుసు. ఆ గుంతలల్ల, ఆ దుమ్ముల, చీకట్ల ఒక ముసలామె, ఒక పదేండ్ల పిల్ల. మనం ఫోటోను ఫోన్లల్ల పంపుకుంటున్నం. ఆ ఇద్దరిని చూసింది తెల్లారుజామున రోడ్డు ఊడ్వడానికి వచ్చిన అక్కలు. చీపుర్లు పక్కన పెట్టి, తమ సీసాల నీళ్ళు తాపి, ఆటో పిలిచి దవాఖానకు తీసుకపోయిండ్రు. మనోళ్ళే వాళ్ళు. మన నడకల లేరు, ఎందుకంటే వాళ్ళకు ఆనాడు కూడ డ్యూటీ ఉన్నది.

పెద్దవ్వ బతికింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించిండ్రు. నేను పోయి కాళ్ళకాడ కూచుంటే, పాపం, ఆమెనే నన్ను సముదాయించింది. "నీళ్ళు తాగలేదా అవ్వా, మన ట్రాలీల డ్రమ్ము ఉన్నది గదా" అని అడిగిన. ఆమె అన్నది: "మధ్యాహ్నం నుంచే తాగలే బిడ్డా. తాగితే ఆ రోడ్డు మీద యాడ కూసుంట?"

ఆ మాట నన్ను ఏడాది నుంచి తింటున్నది. మనం నీళ్ళు పెట్టినం, మజ్జిగ పెట్టినం, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టినం. అన్నీ పెట్టినమని సంతోషపడ్డం. నీళ్ళు తాగిన ఆడమనిషి ఎక్కడికి పోవాలన్న సంగతి మన కమిటీల ఒక్కరికి తట్టలేదు. ఎందుకంటే కమిటీల తొమ్మిదిమందిమి ఉంటే తొమ్మిదిమందిమీ మొగోళ్ళమే. మొగోనికి హైవే పొడుగూత గోడనే.

కాబట్టి ఈ ఏడు మొట్టమొదటి పని నీళ్ళు కాదు, మరుగుదొడ్లు. నారపల్లి నుంచి టాంక్‌బండ్ దాకా తొవ్వ పొడుగున పెట్రోలు బంకులు, ఉప్పల్ డిపో, చర్చిలు, ఫంక్షన్ హాళ్ళు ఉన్నయి. రోడ్డు పక్కన మన చుట్టాల ఇండ్లు ఉన్నయి. ప్రతి నాలుగు కిలోమీటర్లకు ఒకటి ఖాయం చేసుకోవాలె. పగటి పూట పోయి చూసి "ఉన్నది" అని రాసుకొని రావడం కాదు. రాత్రి ఒంటిగంటకు పోయి తాళం ఉన్నదా, దీపం ఉన్నదా, బకెట్ల నీళ్ళు ఉన్నయా చూడాలె. ఆ పని ఆడవాళ్ళ కమిటీది. బండి నడిపే తమ్ముళ్ళు వాళ్ళ వెంట పోవాలె, మాట మాత్రం వాళ్ళదే నడవాలె. వాళ్ళు "ఈ తొవ్వ పనికిరాదు" అంటే తొవ్వ మార్చాలె.

కొందరు తమ్ముళ్ళు అంటున్నరు, ఇవన్నీ చిన్న పనులు సార్, ఉద్యమం గురించి చెప్పండి అని. సరే, ఉద్యమం గురించే చెప్త.

మహాడ్ సంగతి మనం ఏటా చెప్పుకుంటం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో ఊరేగింపుగా నడిచిపోయి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగిండు. బొమ్మల్ల చూసినం, పాటల్ల విన్నం. ఆ నడకను తయారు చేసినవాళ్ళ సంగతి ఎంతమందికి తెలుసు? సభ మహాడ్‌లోనే పెట్టాలని పట్టుబట్టి తిరిగిన యువకుడు ఆర్.బి. మోరే. ఆ ప్రాంతంవాడే. ఆయన, ఆయన తోటి కార్యకర్తలు ముందునుంచి మనుషులను కలిసి చెప్పుకొచ్చిండ్రు. వంద మైళ్ళ అవతలి నుంచి కూడ జనం వచ్చిండ్రు. పదిహేనేండ్ల పిల్లలున్నరు, డెబ్బై ఏండ్ల ముసలోళ్ళున్నరు, భుజాన రొట్టె ముక్కల మూటలున్నయి. మన సద్ది మూట అసోంటిదే.

అంత జనానికి తాగే నీళ్ళు ఎక్కడివి? చెరువును ముట్టనియ్యరు. నిర్వాహకులు నలభై రూపాయలు పెట్టి సవర్ణుల దగ్గర నీళ్ళు కొన్నరు. ఆనాటి నలభై రూపాయలు! నీళ్ళ హక్కు కోసం వచ్చిన జనానికి ముందుగాల నీళ్ళు కొని పోసిండ్రు. ఆ బిందెలు ఎవరు మోసిండ్రో, ఎవరు ముంచి పోసిండ్రో పేర్లు నాకు దొరకలేదు. వాళ్ళు లేకుంటే మార్చి 20 లేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. నీళ్ళు తాగి జనం వెనక్కి వచ్చిన తర్వాత ఊళ్ళె పుకారు పుట్టించిండ్రు, వీళ్ళు ఇంక గుళ్ళెకు గూడ వస్తరట అని. కర్రలు పట్టుకొని పందిట్లెకు దూకిండ్రు. అప్పటికి చానమంది ఎల్లిపోయిండ్రు. మిగిలినోళ్ళు కొందరు బువ్వ తింటున్నరు, కొందరు మూటలు సర్దుకుంటున్నరు. వాళ్ళ మీద పడ్డరు. అన్నం మట్టిల కలిపిండ్రు. తిరుగు తొవ్వల చిన్న చిన్న గుంపులుగ పోయేటోళ్ళను పట్టి కొట్టిండ్రు. గమనించండి, వేలమంది కలిసి నడిచినప్పుడు ఎవడూ ముందుకు రాలేదు. దెబ్బలు తిన్నది వెనకబడ్డవాళ్ళు, ఆఖరున మిగిలినవాళ్ళు, విడివిడిగా ఇంటికి మళ్ళినవాళ్ళు.

అదే ఏడు డిసెంబరుల మళ్ళ మహాడ్ పోయినప్పుడు మనోళ్ళు ఎంత నేర్చుకొని పోయిండ్రో చూడండి. సభకు హిందువులు జాగ ఇయ్యలేదు, ఫత్తేఖాన్ అనే ముస్లిం ఇచ్చిండు. ఊరి వ్యాపారులు సరుకులు అమ్మరని తెలిసి, పది రోజులకు సరిపోయే తిండిగింజలు బయటినుంచే తెచ్చి పెట్టుకున్నరు. డిసెంబరు 25 రాత్రి మనుస్మృతిని కాల్చిన మంట అందరికీ యాదికున్నది. పది రోజుల గింజల మూటలు ఎవరికి యాదికున్నయి?

1979 నవంబరుల ప్రొఫెసర్ జోగేంద్ర కవాడే నాయకత్వాన నాగపూర్ దీక్షాభూమి నుంచి ఔరంగాబాద్‌కు లాంగ్ మార్చ్ జరిగింది. నాలుగు వందల కిలోమీటర్లకు పైన. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని. ఆ పేరు పెట్టింది 1994 జనవరి 14న. మన దగ్గర కారంచేడుల 1985 జూలై 17 తర్వాత వాడ వాడంత చీరాలకు కదిలి శిబిరంల ఉన్నది. అది ఎవరూ పందెం కోసం పెట్టుకున్న నడక కాదు. పిల్లలను చంకన ఎత్తుకొని, ముసలోళ్ళను భుజాన వేసుకొని పోయిన నడక. అందుల ముందెవరు, వెనకెవరు అన్న మాటే లేదు.

ఇప్పుడు పరుగు సంగతి. ఉరుకుతం సార్, కప్పు పెట్టండి అని పిల్లలు అడుగుతున్నరు. వద్దు, అందరం కలిసి నడుద్దాం అని పెద్దలు అంటున్నరు. పోయిన మీటింగుల ఇద్దరు ముగ్గురు అలిగి లేచిపోయిండ్రు గూడ. నాకు కప్పు మీద కోపం లేదు. మన పిల్లలు ఉరికితే చూడాలని నాకు కండ్లు కాయలు కాసినయి. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు. ఆమె రాళ్ళెక్కుడు నేర్చుకున్నది ఎక్కడ? మన ఇదే వరంగల్ రోడ్డు మీద, భువనగిరి గుట్ట మీద. గురుకులంల చదివిన నందిని అగసర 2023 ఆసియా క్రీడలల్ల హెప్టాథ్లాన్ కంచు పతకం తెచ్చింది. ఏడు ఆటల పోటీ అది, ఆఖరుది ఎనిమిది వందల మీటర్ల ఉరుకుడు. తండ్రి చాయ అమ్మే మనిషి. పందెం తప్పని నేనెట్లంట?

నగరంల పెద్ద పెద్ద మారథాన్‌లు జరుగుతయి. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉరుకుతరు. ఫీజు కట్టాలె, టీషర్టు ఇస్తరు, మెడల మెడల్ వేస్తరు. మన పిల్లలు అక్కడ నీళ్ళ బల్లల కాడ గిలాసలు అందిస్తరు, పారేసిన గిలాసలు ఏరుతరు. నేనొకసారి పోయి చూసిన. వాళ్ళను తిట్టడం సులువు. నేర్చుకోవాల్సింది గూడ ఉన్నది. ప్రతి మనిషికి ఒక నంబరు. కొలిచి పెట్టిన దూరాల దగ్గర నీళ్ళు. వైద్యులు. అందరికంటె వెనక ఒక బండి. ఆ బండి ఎందుకంటే, టైముకు రాలేనోళ్ళను ఎక్కించుకొని రోడ్డు ఖాళీ చెయ్యడానికి. అక్కడిదాకా వాళ్ళ లెక్క. మన లెక్క వేరుండాలె. మెల్లగ నడిచేటోళ్ళను రోడ్డు మీదికెళ్ళి తీసేయొద్దు, ముందుగాల పంపాలె.

బ్లాక్‌బోర్డు లేదు, నోటితోనే లెక్క చెప్త. తొవ్వ ఇరవై నాలుగు కిలోమీటర్లు అనుకుందాం. ముసలోళ్ళు, చిన్నపిల్లల తల్లులు గంటకు మూడు కిలోమీటర్లు నడుస్తరు. ఎనిమిది గంటలు. ఆగుడు కూసునుడు ఒక గంట. మొత్తం తొమ్మిది. వాళ్ళు రాత్రి తొమ్మిదికి బయలుదేరితే పొద్దున ఆరుకు విగ్రహం కాడ ఉంటరు. మామూలు నడక గంటకు నాలుగు. ఆరు గంటలు, ఆగుడు ఒక గంట. వాళ్ళు రాత్రి పదకొండుకు. ఉరికే పిల్లలు గంటకు ఎనిమిది. మూడు గంటలు, నీళ్ళకు అరగంట. వాళ్ళు రెండున్నరకు. అందరూ ఆరుకే చేరుతరు, ఎండ రాకముందే.

ఇందుల ఒక మతలబు ఉన్నది. ఉరికేటోళ్ళు అందరికంటె వెనక బయలుదేరుతరు కాబట్టి, తొవ్వల ఎవరు కూలబడ్డా వాళ్ళ కండ్లపడి తీరుతరు. పోయినేడు మనకు లేని వెనక కాపలా వాళ్ళే. కప్పు పెడదాం, నేనే నా జేబునుంచి కొనిస్త. షరతు ఒకటే. తొవ్వ పక్క కూచున్న మనిషిని దాటిపోయినోనికి కప్పు లేదు. ఆగాలె, నీళ్ళియ్యాలె, జట్టు పెద్దకు ఫోను చెయ్యాలె, ట్రాలీ వచ్చినంకనే కదలాలె. ఆగిన నిమిషాలు టైములనుంచి కొట్టేస్తం. ఒప్పుకున్న పిల్లలు చెయ్యెత్తండి. ... మంచిది. అలిగిపోయినోళ్ళకు గూడ చెప్పండి.

మిగతావి తొందరగ చెప్త. పది మందికి ఒక జట్టు, జట్టుకు ఒక పెద్ద, ప్రతి ఆగుడు కాడ తలకాయల లెక్క. ఒక తల తక్కువైతే జట్టు కదలదు. కొత్త బూట్లు కొనుక్కొని ఆనాడే తొడగొద్దు, బొబ్బలెక్కుతయి. పాత చెప్పులే మేలు. బొబ్బను సూదితో పొడవొద్దు. షుగరున్నోళ్ళు జేబుల బెల్లం ముక్క పెట్టుకోవాలె, బీపీ గోలీలు మరువొద్దు. వీపుకు వెలుగు పట్టీలు అంటించుకోవాలె. రోడ్డుకు కుడి పక్క, ఎదురొచ్చే బండ్లు కనబడేటట్టు నడవాలె, ఇద్దరికంటె ఎక్కువ పక్కపక్కన వద్దు. తొవ్వల వచ్చే ప్రతి పోలీస్ స్టేషనుకు వారం ముందే కాయితం ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలె. నోటి మాట మీద నమ్మకం వద్దు. 108 కు ఫోను చేసేటప్పుడు "హైవే మీద" అంటే వాళ్ళకు తెలువదు, పిల్లర్ నంబరు చెప్పాలె. తిరుగు ప్రయాణం గూడ జట్లుగనే. మహాడ్ సంగతి ఇప్పుడే చెప్పుకున్నం గదా. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీల ఆడవాళ్ళకు టికెట్ పైసలు లేవు, ఆధార్ కార్డు తెచ్చుకుంటే సాలు.

ఊళ్ళె నుంచి ఎట్ల బయలుదేరాలన్న దాని మీద గూడ వాదన ఉన్నది. గొడవెందుకు, పక్క సందులకెళ్ళి హైవే ఎక్కుదామని కొందరు. మా తాత ఆయన పుట్టిన ఊళ్ళె పెద్దిండ్ల ముందుకెళ్ళి పోయేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. నేను బడికి పోయేటప్పుడు గూడ ఆ జాగ రాంగనే ఆయన చెయ్యి తెలువకుండనే కిందికి వొంగేది. ఇయ్యాల పోచారం అంటే ఇన్ఫోసిస్ అంటరు, లోకమంత మారిందంటరు. మారితే నడివీధికెళ్ళి డప్పుతో పోయేటందుకు భయమెందుకు? అందరి ఇండ్లకు ముందే పోయి, "ఇన్ని గంటలకు పోతం, పది నిమిషాలు డప్పుంటది, మీ పిల్లలు వస్తే తోలండి" అని చెప్పి, నడివీధికెళ్ళే పోదాం. చెప్పులు తొడుక్కొని.

ఇక చెప్పడానికి కష్టమైన మాట. ఇక్కడ ముప్పై మందిమి కూచున్నం. ఏ వాడనుంచి వచ్చిండ్రో నేను విడమరచి చెప్పను. ఒక్క వాడే వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ మీద తీర్పిచ్చింది, 2025 ఏప్రిల్ 14న మన రాష్ట్రంల చట్టం అమలుకొచ్చింది. దాని మీద నా అభిప్రాయం ఏందో మీ అందరికీ ఎరుకే, మళ్ళ చెప్ప. ఆ వాదన సాగాలె, రాతపూర్వకంగా సాగాలె. గని అప్పటినుంచి జయంతి గూడ రెండు పందిళ్ళల్ల అయితున్నది. ఇద్దరికీ ఒక్కడే బాబాసాహెబ్, రెండు దండలు. పోయినేడు పెద్దవ్వకు నీళ్ళు తాపిన ఊడ్చే అక్కలు ఏ వాడోళ్ళని ఆమె అడిగిందా?

రేపు సాయంత్రం నేను, ఇద్దరు అక్కలు ఆ వాడకు పోతున్నం. "మా నడకకు రండి" అని అడగం. అట్ల పిలిస్తే నేను గూడ పోను. నడక జాబితా వాళ్ళ ముందు పెట్టి, "ఇందుల ఏ పని మీది?" అని అడుగుతం. వాళ్ళు జెండా మాదంటే జెండా ఇద్దాం. నాకు ఇంక జెండాతో పని లేదు.

ఊడ్చే అక్కల గురించి ఒక్క మాట. మన నడక పోయినంక తొవ్వ మీద గిలాసలు, పొట్లాలు, అరటి తొక్కలు పడితే తెల్లారి ఊడ్చేది వాళ్ళే. జయంతి నాడు మన చెత్త మన అక్కలతోని ఎత్తించినట్టయితది. ప్రతి జట్టు వెనక ఒక సంచి. ఎవరి గిలాస వాళ్ళు తెచ్చుకోవాలె, కాయితపు గిలాసలు కొనొద్దు.

ఆఖరుకు పేర్ల సంగతి. మనకు దగ్గర్లనే పోచంపల్లి ఉన్నది. 1951ల వినోబా భావే రైలెక్కకుండ వార్ధా దిక్కునుంచి నడుచుకుంట శివరాంపల్లి సభకు వచ్చిండు. అక్కడినుంచి మళ్ళ నడిచి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిండు. నడిచినాయన పేరు లోకమంత ఎరుక. వంద ఎకరాలు ఇస్తనన్న వెదిరె రామచంద్రారెడ్డి పేరు గూడ పుస్తకాలల్ల ఉన్నది. ఆ రోజు లేచి నిలబడి, మాకు ఎనభై ఎకరాలు కావాలె అని నోరు తెరిచి అడిగిన నలభై దళిత కుటుంబాలు ఉన్నయి. వాళ్ళల్ల ఒక్కరి పేరు మనల ఎవరికన్న తెలుసా? అడగకపోతే ఇచ్చేటోడు ఎక్కడికెళ్ళి వస్తుండె? హక్కుగ రావాల్సింది దానమై పోయింది, అడిగినోళ్ళు "హరిజనులు" అన్న ఒక్క మాటల కలిసిపోయిండ్రు.

అందుకే ఈ రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చిన. నడిచేటోళ్ళ పేర్లు, ఉరికేటోళ్ళ పేర్లు మధ్యల పేజీలల్ల రాయండి. మొదటి పేజీలల్ల డ్రమ్ములు నింపేటోళ్ళు, రాత్రి ఒంటిగంటకు తాళాలు చూసి వచ్చేటోళ్ళు, సంచి మోసేటోళ్ళు, అంబలి కాచేటోళ్ళు. ఇంటి పేరుతో సహా, ఊరుతో సహా రాయండి. రాయడం రానోళ్ళ పక్కన పిల్లలు కూచోండి. పెద్దవ్వ ఈ ఏడు గూడ నడుస్తనని కబురు పంపింది. తొమ్మిదింటి జట్టుల ఆమె పేరు నిన్ననే రాసిన.

ఆ జట్టు వెనక, అందరికంటె ఆఖరున నడిచేందుకు ఇద్దరు కావాలె. ఒక పేరు నాది రాసుకున్న. రెండోది ఖాళీగ ఉన్నది.

జై భీమ్.